సర్వర్ పేరు మారిన పూట

కంటి ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే ఇన్‌ఛార్జి ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. ఓపీ తెరిచేలోగా లినక్స్ సర్వర్‌కి అప్‌డేట్లు వేయాలి, రీబూట్ చేయాలి, వేడివేడిగా టీ తాగాలి. మొదటి రెండూ అయ్యాయి. మూడోది చల్లారిపోయింది.

రీబూటయ్యాక సర్వర్ తన పేరే మరిచిపోయింది. "నేత్ర" అని ఉండాల్సిన చోట, పేరు పెట్టని ఏ యంత్రానికైనా ఉండే "లోకల్‌హోస్ట్" అని చూపిస్తోంది. నేత్ర కోసం వెతికి వెతికి వార్డు కంప్యూటర్లన్నీ బిక్కమొహం వేశాయి.

అతను పాత పేరు పెట్టి రీబూట్ చేశాడు. లేచేసరికి మళ్ళీ లోకల్‌హోస్టే. ఇంకోసారి పెట్టాడు. అదే తంతు. కాలు నిలవక గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఇదే పనిలో ఉన్న బావమరిదికి ఫోన్ చేశాడు.

"పేరు మారిపోయిందిరా! ఎన్నిసార్లు సరిచేసినా మళ్ళీ పాతపాటే!"

రిపోర్టులు రావడంలేదని చెప్పడానికి వచ్చిన నర్సు చెవిన ఆ ముక్క పడింది. ఆవిడ పరుగున ఆపరేషన్ థియేటర్‌కి వెళ్ళింది.

"డాక్టరుగారూ, పేర్లు మారిపోయాయట!"

డాక్టరమ్మ తొడుక్కోబోతున్న గ్లౌజులు పక్కన పడేసింది. "ఎవరివి?"

"అందరివీనేమో!"

అయిదు నిమిషాల్లో ఆపరేషన్లన్నీ ఆగాయి. డైరెక్టరు స్వయంగా కాగితాలు పట్టుకుని మంచం మంచానికీ తిరిగాడు. "మీ పేరేంటి? ఏ కన్ను?"

"నాలుగోసారి అడుగుతున్నారు," అన్నాడో పెద్దాయన. "నా పేరు మీద నాకే అనుమానం వస్తోంది."

ఈలోగా ఫోన్లో బావమరిది కిటుకు చెప్పాడు. "సర్వర్ లేచినప్పుడల్లా పేరు తిరగరాసే సెట్టింగ్ ఒకటుంటుంది. అప్‌డేట్ దాన్ని మళ్ళీ లేపుంటుంది. పేరు ముట్టుకోవద్దని అందులో ఒక్క లైను రాయి బావా, చాలు."

రాశాడు. రీబూట్ చేశాడు. తెర మీద "నేత్ర" వచ్చింది. హమ్మయ్య అనుకునేలోపే డైరెక్టరు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"పేర్లు మారాయన్నది నువ్వేనా?"

"అది... సర్వర్ పేరండీ..."

"ఎవరి పేరైతేనేం! నీ మాట విని అందర్నీ అడగబట్టి బయటపడింది. కిటికీ దగ్గర గాలొస్తుందని తోడికోడళ్ళిద్దరు మంచాలు మార్చుకున్నారయ్యా! ఇద్దరి ఇంటిపేరూ ఒకటే. పెద్దావిడకి ఎడమ కన్ను, చిన్నావిడకి కుడి కన్ను. చుక్కల మందు కూడా అటుదిటు వేసేశారు. ఇంకో పది నిమిషాలైతే మంచి కళ్ళకి కత్తి పెట్టేవాళ్ళం!"

అతను చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు.

సాయంత్రానికి ప్రశంసాపత్రం వచ్చింది. అందులో అతని పేరు తప్పు పడింది. దిద్దమని అడిగే ధైర్యం మాత్రం అతనికి లేకపోయింది.