మొహమాటమే, జబ్బు కాదు

మా ఊళ్ళో అన్నం తినని మనిషి లేడని సవినయంగా మనవి చేస్తున్నాను. ఎవరైనా తినకపోతే అది మొహమాటం. మొహమాటానికి మందు ఇంకో గరిటె. పెనుగొండ పక్కనున్న మా ఊరి వైద్యశాస్త్రం ఇక్కడితో సంపూర్ణం.

మాకు పలకరింపులు రెండే. మనిషి గుమ్మం ఎక్కగానే కంటితో తూకం వేసి, “చిక్కిపోయావేంటి?” అనో, “ఒళ్ళు చేశావే!” అనో అంటాం. మూడోది ఇంతవరకు అవసరపడలేదు.

లోవలక్ష్మి గారి అమ్మాయి రమ్యశ్రీకి ఇంటర్ దాకా రెండో పలకరింపే దక్కింది. ఊరంతా ముద్దుగా ‘బొండాం’ అని పిలిచింది. డిగ్రీకి రాజమండ్రి హాస్టల్లో చేరిన పిల్ల, సెలవులకి సగమై తిరిగొచ్చింది. ఊరు పరవశించింది. మహిళా సంఘం అధ్యక్షురాలు మాణిక్యాంబ గారు మైకు పుచ్చుకుని, “క్రమశిక్షణంటే ఇదండీ! మన రమ్యని చూసి ఆడపిల్లలంతా నేర్చుకోవాలండీ!” అని శాలువా కప్పారు. శాలువా బరువుకి పిల్ల తూలింది. వినయమనుకుని చప్పట్లు కొట్టాం.

తర్వాత జుట్టు రాలింది, హాస్టల్ నీళ్ళన్నాం. ఎండాకాలంలో స్వెట్టర్ వేసుకుంది, ఫ్యాషనన్నాం. నలుగురితో కలిసి భోజనానికి కూర్చోవడం మానేసింది, చదువన్నాం. పెరట్లో స్పృహ తప్పి పడిపోయింది, దిష్టన్నాం. మా దగ్గర పేర్లకి కొదవ లేదు.

లోవలక్ష్మి గారు మాత్రం మా మాట వినకుండా పిల్లని రాజమండ్రిలో డాక్టరమ్మకి చూపించారు. ఇది పంతం కాదు, జబ్బేనందట ఆవిడ. వైద్యం తను చేస్తుందట. ఇంట్లోవాళ్ళు మాత్రం బలవంతంగా తినిపించకూడదట, తిట్టకూడదట, ఒంటి గురించి మంచీ చెడూ ఏదీ అనకూడదట. పక్కన కూర్చుని, మామూలు కబుర్లు చెప్పుకుంటూ తమ అన్నం తాము తినాలట.

“పక్కన కూర్చోడానికి డాక్టరెందుకే?” అన్నారు మాణిక్యాంబ గారు. అందరం నవ్వాం.

పరామర్శకి వెళ్ళినవాళ్ళని లోవలక్ష్మి గారు గుమ్మంలోనే ఆపేవారు. “దాని ఒంటి మాట ఎత్తకండి పిన్నిగారూ. ఇంకేదైనా మాట్లాడండి.” ఇరవై ఏళ్ళ పిల్లతో ఇంకేం మాట్లాడతారో మాకు తోచేది కాదు. కాఫీ తాగి వచ్చేసేవాళ్ళం.

వానలు వెనకబట్టాయి. ఒక ఉదయం అరుగు మీద తల్లి పక్కన కూర్చున్న రమ్యశ్రీ, ఫోన్లో ఏదో చూపించి నవ్వుతూ, ఎవరూ అడక్కుండానే రెండో ఇడ్లీ అందుకుంది. లోవలక్ష్మి గారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చూడనట్టే వీధి వైపు తల తిప్పుకున్నారు.

వీధిలోంచి మాణిక్యాంబ గారు వస్తున్నారు. నిజం చెప్పాలి, ఆవిడది వెన్నలాంటి మనసు. పిల్లని చూడగానే కళ్ళు చెమర్చాయి.

“నా తల్లే! మళ్ళీ ఒళ్ళు చేశావే!”

తుంచిన ముక్క పళ్ళెంలోకి తిరిగి వెళ్ళింది.

“చాలమ్మా,” అంది రమ్యశ్రీ తల్లితో, మెల్లగా.

“చూశావా లోవలక్ష్మీ,” పళ్ళెం పిల్ల ముందుకి తోస్తూ నవ్వారు మాణిక్యాంబ గారు, “దీనికింకా మొహమాటం పోలేదు.”