చుక్క పెట్టిన మాత్రలు

తన సీసాలో, తన చేత్తో చుక్క పెట్టిన మాత్రలు కనిపించేసరికి బొమ్మలావిడ గుండె ఝల్లుమంది. అవి అక్కడ ఉండకూడదు. నిన్న మధ్యాహ్నమే వాటిని భర్త సీసాలోకి మార్చేసింది. మరి వెనక్కి తెచ్చిందెవరు? ఇంట్లో ఉన్నది ఇద్దరే. భోజనం చేసి మంచమెక్కాడంటే ఆయన ఇల్లు కూలినా లేవడు. అంటే వెనక్కి మార్చింది తనే. ఆ సంగతి మర్చిపోయిందీ తనే.

బొమ్మల ఫ్యాక్టరీలో కళ్లు దిద్దే పని చేసింది కాబట్టి ఆవిడ వీధి మొత్తానికీ బొమ్మలావిడ. ఆయన సిటీ బస్సు నడిపి రిటైరైన డ్రైవరుగారు. విటమిన్ డి ఇస్తే పెద్దవయసులో మతిమరుపు జబ్బు ముప్పు తగ్గుతుందా అని ఒక ఆస్పత్రివాళ్లు పరిశోధన చేస్తుంటే ఇద్దరూ చేరారు. నర్సు వచ్చి, పేర్లు అంటించిన సీసాలు చెరొకటి ఇచ్చింది. కొందరికి అసలు మాత్రలు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్తుత్తివి. ఎవరివి ఏవో నర్సుక్కూడా తెలియదు.

బొమ్మలావిడకి మాత్రం తెలిసిపోయింది. మాత్రలు మొదలుపెట్టాక తను సూదిలో దారం మొదటిసారికే ఎక్కిస్తోంది. ఆయనేమో క్షవరానికి గొడుగుతో వెళ్లి, దాన్ని అక్కడే వదిలేసి వానలో తడుస్తూ వచ్చాడు. ఇంకేం రుజువు కావాలి? అసలువి తన దగ్గరే ఉన్నాయి, అవసరం ఆయనకి. చెబితే ఒప్పుకునే మనిషి కాదు. అందుకే తన మాత్రల మీద కాటుకతో ఆవగింజంత చుక్కలు దిద్ది, ఆయన కునుకు తీసే వేళ అటువి ఇటు, ఇటువి అటు పోసేసింది.

ఇప్పుడు చూస్తే ఇదీ పరిస్థితి. ఆ మధ్యాహ్నం మళ్లీ మార్చింది. తెల్లవారేసరికి చుక్కలు మళ్లీ తన సీసాలోనే నవ్వుతున్నాయి. వారమంతా ఇదే వరస.

అసలు మందు ఆయనకే దక్కాలి, తన బుర్ర చూస్తే తేలిపోతోంది. ఇక దిక్కు సూర్యుడే అనుకుని మిట్టమధ్యాహ్నం మేడ మీద చాప వేసింది. జ్ఞాపకానికి పరీక్షగా ఉంటుందని ఫ్యాక్టరీలో తన వరసలో కూర్చున్నవాళ్ల పేర్లు పైకి వల్లించసాగింది. పక్క వీధిలో ఉండే కూతురు వచ్చి చూసేసరికి, తల్లి ఎండలో ఎర్రగా కమిలిపోయి, ఎదురుగా ఎవరూ లేకుండా ఒక్కొక్కర్నీ పేరుపెట్టి పిలుస్తోంది. కూతురు తండ్రితో ఒక్క మాటైనా చెప్పకుండా నర్సుకి ఫోన్ చేసింది.

నర్సు పరుగున వచ్చింది. ఏం కాదని ధైర్యం చెప్పి, మతిమరుపు పరీక్ష కోసం కాగితం మీద గడియారం బొమ్మ వెయ్యమంది. బొమ్మలావిడ గుండ్రం గీసింది. గుండ్రం కనిపించగానే చేతికి పాత అలవాటు గుర్తొచ్చింది. నర్సు అందుకున్న కాగితంలోంచి వంకీ తిరిగిన రెప్పలతో రెండు చక్కటి కళ్లు చూస్తున్నాయి. కూతురు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గుమ్మంలో నిలబడ్డ డ్రైవరుగారి మొహం పాలిపోయింది.

బొమ్మలావిడ ఇక ఆగలేకపోయింది. చుక్కల సంగతంతా చెప్పేసింది. "రోజూ ఆయన దాంట్లో పోస్తున్నానమ్మా. తెల్లారేసరికి నా దాంట్లో ఉంటున్నాయి. నేనే మారుస్తున్నాను, నాకే గుర్తుండట్లేదు. నేను పోతే పోయాను, ఈయనకి గొడుగు ఎక్కడ పెట్టాడో ఎవరు చెబుతారు?"

నర్సు నెత్తి పట్టుకుంది. "పిన్నిగారూ, ఇలాంటివి చేస్తారనే కదా, ఒక ఇంట్లోవాళ్లకి ఒకే రకం ఇస్తాం. ఇద్దరివీ అసలువైనా అవుతాయి, ఇద్దరివీ ఉత్తుత్తివైనా అవుతాయి. మీరు మార్చింది దేన్ని?"

"అది సరే," అంది కూతురు. "వెనక్కి మార్చింది ఎవరు?"

డ్రైవరుగారు మంచానికి ఎదురుగా గోడకున్న నిలువుటద్దం వైపు ఒకసారి చూసి, గొంతు సవరించుకున్నాడు.

"నేనే. ఉద్యోగమంతా అద్దంలో వెనక సీట్లు చూస్తూ బండి నడిపినవాణ్ణి. కునుకు తీస్తున్నా నాకు అద్దం చూడటం పోలేదు. నువ్వు దొంగలా సీసాలు వొంపడం మొదటిరోజే చూశాను, నీవే మంచివనుకుని నాకు పోస్తున్నావని అర్థమైంది. ఆ ముందురోజే పొయ్యి మీద పాలు మాడబెట్టావు కదా, మంచివి నువ్వే మింగాలని నువ్వు నిద్రపోయాక మళ్లీ ఎవరివి వాళ్లకి పోసేశాను. చుక్కలున్నాయని నాకేం తెలుసు, దూరానివైతే కనిపిస్తాయి గానీ, చేతిలో ఉన్న సీసానే ఈ కళ్లకి సరిగ్గా కనపడదు. నువ్విలా భయపడి చస్తున్నావని తెలిస్తే అప్పుడే చెప్పేవాణ్ణి." నర్సు చేతిలోంచి ఆ కళ్ల కాగితం అందుకున్నాడు. "గొడుగంటే మర్చిపోయాను గానీ, ఈ పని ఒక్క పూట కూడా మర్చిపోలేదే."