సిస్టమ్ మారింది, మళ్ళీ పెట్టుకో!

కొత్త విండోస్ వేయిస్తే పాత మెయిళ్ళు మాయమైపోతున్నాయని గోల పెడుతున్నారా? ఎంత కృతఘ్నులండీ మీరు! ఒక్కసారి గురునాథరావు గారిని చూసి బుద్ధి తెచ్చుకోండి.

ఆయన విశాఖలో ఒక ఉక్కు కంపెనీ క్వార్టర్ల సెక్షన్‌లో సూపరింటెండెంటు. ఎవరికి ఇల్లివ్వాలో, ఎవరికి చుక్కలు చూపించాలో అంతా ఆయన చేతిలోనే ఉంటుంది. మొన్నటిదాకా పాపం ఆయన టేబుల్ మీద విండోస్ నైంటీ ఎయిట్, దాని నిండా జనం ఏడుపులు! కప్పు కారుతోందని ఒకడు, కుళాయి రావడం లేదని ఇంకొకడు. చదవకుండా వదిలేయడానికి కూడా ఓపిక ఉండాలి కదా!

అంతలో విండోస్ ఎక్స్‌పీ వచ్చింది. దేవుడు లేడన్నదెవరు? గురునాథరావు గారు మంచి ముహూర్తం చూసి, మానిటర్‌కి బొట్టు పెట్టి, హీటర్ మీద పాలు పొంగించి మరీ కొత్త సిస్టమ్‌లోకి అడుగుపెట్టారు. పాత మెయిళ్ళు ఎక్కించమంటారా అని కంప్యూటర్ షాపు సన్నీ అడిగితే నొచ్చుకున్నారు.

"కొత్తింట్లోకి పాత చీపురు ఎవడైనా తీసుకెళ్తాడేటయ్యా?"

ఇన్‌బాక్స్ తెరిస్తే కడిగిన ముత్యం! ఆ రోజు నుంచి కప్పులు కారడం మానేశాయి. కుళాయిల్లో మేఘాద్రిగెడ్డ రిజర్వాయరే పొంగింది. కనీసం రికార్డు ప్రకారం! ఇంతకన్నా ప్రజాసేవ ఇంకేం ఉంటుంది?

సింహాద్రి ఒక్కడే ఒప్పుకోలేదు. అతను క్రేన్ ఆపరేటర్. ఆనందపురంలో తెల్లారకుండా బస్సెక్కి, మద్దిలపాలెంలో మారి, ప్లాంటుకొస్తాడు. ఇంటికి చేరేసరికి పిల్లలు నిద్రపోతుంటారు. క్వార్టర్ కోసం ఎప్పుడో ఇంటర్నెట్ సెంటర్లో దరఖాస్తు కొట్టించి మెయిల్ పంపాడు. పంపిన తేదీని బట్టే వరస. తీరా వంతు దగ్గరకొచ్చేసరికి ఆ మెయిల్ కాస్తా పోయింది.

"సిస్టమ్ మారింది సింహాద్రీ. నానేటి సెయ్యను? మళ్ళీ పెట్టుకో."

"అలగంటే ఎలగ బాబూ? పిల్లలు నన్ను సూసి సుట్టమొచ్చినాడనుకుంతన్నారు."

గురునాథరావు గారికి మనసు చివుక్కుమంది. అబద్ధమెందుకు, నిజంగానే చివుక్కుమంది. కానీ పోయిన మెయిల్‌ని బ్రహ్మదేవుడైనా తేగలడా?

బ్రహ్మదేవుడు రాలేదు గానీ, సింహాద్రి ఇంకా అక్కడుండగానే ప్రింటర్ బాగుచెయ్యడానికి సన్నీ వచ్చాడు. సంగతి విని నవ్వేశాడు.

"ఎక్కడికి పోతాయి సార్? పాత ఫోల్డర్ డిస్కులోనే ఉంది. ఇంపోర్ట్ కొడితే వచ్చేత్తాయి."

కొట్టాడు కూడా, దుర్మార్గుడు! పాత ఏడుపులన్నీ బిలబిలమంటూ వచ్చిపడ్డాయి. గురునాథరావు గారు మౌస్ లాక్కునేలోగా సింహాద్రి దరఖాస్తు తేదీతో సహా తెర మీదికొచ్చింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని సన్నీ తెలుగు చేసి పైకి చదివాడు.

"అయ్యా, ఆఫీసులో నైంటీ ఫైవ్ తీసి నైంటీ ఎయిట్ వేసినందువల్ల నా దరఖాస్తు కనబడడం లేదని తమరు చెప్పారు. అంతకుముందు ఆఫీసుకి కంప్యూటర్ వచ్చినందువల్ల నా కాగితం కనబడలేదన్నారు. కాబట్టి ముచ్చటగా మూడోసారి పెట్టుకుంటున్నాను."

గురునాథరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. సింహాద్రి ముఖంలోకి చూడలేకపోయారు.

"దొరికింది కదా సింహాద్రీ. ఇప్పుడే హెడ్డాఫీసుకి పంపేస్తాను. వాళ్ళు సంతకం పెడితే ఇల్లు నీదే."

సింహాద్రి రెండు చేతులూ జోడించాడు.

"ఇప్పుడే పంపకండి బాబూ! ఆళ్ళ కాడ కొత్త కంప్యూటర్ ఎప్పుడేత్తారో కనుక్కోండి. అదేసిన మర్నాడు పంపండి."