ఎఫ్ కార్డ్ దగ్గర ఆగిన పాట

సోమవారం పొద్దున ఫిలిప్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. గుండ్లపోచంపల్లి గోదాములో డ్యూటీకి బయల్దేరేలోపు వరండాలో కూర్చుని గిటార్ సాధన చేయడం, ఆదివారానికల్లా పాటను చేతికి తెచ్చుకోవడం. ఆ రోజే మేడ్చల్‌లో వాళ్ల చర్చి వార్షికోత్సవం. "ఆగకుండ వాయిస్తేనే ప్రోగ్రాంల పెడ్త అన్నా, లేకుంటే పాత పాటనే," అని క్వయర్ నడిపే కెజియా తేల్చేసింది. సొంతంగా రాసి, బాణీ కట్టిన మొదటి పాటాయె! అది వినిపించకపోతే ఏ మొహం పెట్టుకుని చర్చికి పోవాలని అతని దిగులు.

చిక్కంతా ఒక్కచోటే ఉంది. మొదటి చరణం మైనర్‌లో దీనంగా సాగి "నాకెవ్వరు లేరు, దిక్కెవ్వరు లేరు" అని ముగుస్తుంది. అక్కడ తీగలన్నీ ఒకేసారి కలిసి మోగే ఎఫ్ అనే కార్డ్ పట్టుకుని మేజర్‌లోకి మారితే ఇక సంతోషమే. సంగీత సిద్ధాంతం ప్రకారం బ్రహ్మాండం. కానీ ఎఫ్ కోసం చూపుడువేలితో ఆరు తీగలనూ అడ్డంగా నొక్కాలి. ఫిలిప్ వేలు మూడింటికే మొరాయించేది. పాటంతా వాయించొద్దు, తడబడే చోటునే నెమ్మదిగా పదేపదే వాయించమని ఫోన్‌లో వీడియో మాస్టారు చెప్పాడు. మనవాడు బుద్ధిమంతుడు కదా, తు.చ. తప్పకుండా పాటించాడు. "దిక్కెవ్వరు లేరు" దాకా పాడడం, తీగలు గర్రుమనగానే నిట్టూర్చడం, మళ్లీ మొదలుపెట్టడం.

మర్నాటికే పక్కింటి రుక్కమ్మ గుండె నీరైంది. డబ్బాలో పులిహోర పట్టుకొచ్చి ఫిలిప్ తల్లి ఎలీషమ్మను గేటు దగ్గరే నిలదీసింది.

"పిలగాడు నాకెవ్వలు లేరని ఒక్కతీరుగ ఏడుస్తాండు. తిండి పెడ్తలేవా ఏందక్కా?"

ఎలీషమ్మ కొడుకు మీద విరుచుకుపడింది. "నేను బతికుండంగ దిక్కులేదంటవేందిరా? నా ఇజ్జత్ తీస్తున్నవ్!"

"అది పాటనే అమ్మా! తర్వాత సంతోషమొస్తది."

"ఎప్పుడొస్తది?"

"ఎఫ్ వచ్చినంక."

రుక్కమ్మ నోట పడ్డ మాట ఆగుతుందా? గురువారానికి పాస్టరయ్య దాకా వెళ్లింది. ఎవరింట్లో కష్టమున్నా ఉపవాస ప్రార్థన బృందం వాలిపోవడం ఆ చర్చి ఆనవాయితీ. జంపఖానా సహా దిగిపోయారు.

"నాకేం బాధ లేదయ్యగారు, ప్రాక్టీస్ చేస్తున్న," అన్నాడు ఫిలిప్.

"బాధున్నోళ్లు ఫస్టు గట్లనే అంటరు బిడ్డా," అని పాస్టరయ్య అతని నెత్తిన చెయ్యి పెట్టాడు. ఎలీషమ్మ వైపు తిరిగి, "కొడుకును జర దగ్గరికి తీస్కో తల్లీ," అన్నాడు. ఆమె మొహం కందగడ్డ అయింది. పోతూ పోతూ ఆయన గిటార్ కూడా పట్టుకుపోయాడు, దాంతోనే దుఃఖం పెరుగుతోందని. అయితే జాలిపడి ఫిలిప్ పాటను ప్రోగ్రాంలో పెట్టించాడు.

గిటార్ లేక ఫిలిప్ చపాతీ కర్ర మీద వేలు నొక్కడం మొదలుపెట్టాడు. అది చూసిన తండ్రి శామ్యూల్, "పిలగాడు నిజంగనే పరేషాన్ల ఉన్నడే," అని భార్య చెవిలో గొణిగాడు.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. గిటార్ తిరిగి చేతికిస్తూ, "ఆగినవంటే మైక్ బంద్ చేస్త అన్నా," అంది కెజియా. ఫిలిప్ చరణం పాడాడు. "నాకెవ్వరు లేరు, దిక్కెవ్వరు లేరు..." వేలు బిగుసుకుపోయింది. అయిపోయింది, పరువు గంగలో కలిసింది అనుకున్నాడు. కెజియా చెయ్యి స్విచ్ మీదికి వెళ్లింది.

ఆడవాళ్ల వరసలో ఎలీషమ్మ దిగ్గున లేచింది. వారం రోజుల ఉక్రోషమంతా ఒక్కసారే బయటికొచ్చింది.

"నేనున్న గదరా! నేను సచ్చిన్నా?"

చర్చంతా ఆమె వైపు తిరిగింది. ఆ వెంటనే "ఆమెన్!" అన్న కేకలు, చప్పట్లు! ఆ సందడిలో ఫిలిప్ వేలు తనకు తెలియకుండానే ఆరు తీగల మీదా పడింది. ఎఫ్ ఖంగుమంది. పాట సంతోషంలోకి జారి, ఆగకుండా చివరిదాకా సాగింది.

"దేవుని జవాబు తల్లి నోట పెట్టినవ్, మస్తు ఆలోచన బిడ్డా!" అని పాస్టరయ్య కళ్లు తుడుచుకున్నాడు.

మరుసటి వారం క్వయర్‌లోకి ఎలీషమ్మను తీసుకున్నారు. ఫిలిప్‌ను మాత్రం ఇంకొన్నాళ్లు ప్రాక్టీస్ చేసి రమ్మన్నారు.