ఎర్ర చొక్కా వెనకాలే

టైలరు ఇంట్లో ఒక పడక్కుర్చీ ఉంది. ఆ పడక్కుర్చీలో టైలరు ఉన్నాడు. సాయంత్రం షాపు మూసిన దగ్గర్నుంచి అన్నానికి పిలిచేదాకా ఆ ఇంటి పరిస్థితి ఇదే, పెళ్లైన నాటి నుంచీ.

ఆయన భార్య మాత్రం కాజాలు కుట్టేది ముక్కాలిపీట మీద. దానికి వీపు ఆనించే చోటంటూ లేదు.

"ఏమండీ, ఒక్క పూట నేను కూర్చోనా అందులో?"

"నీకు సరిపోదే. నా వీపు కొలతకి అలవాటు పడిపోయింది" అన్నాడు టైలరు, కళ్లు తెరవకుండానే.

సరిగ్గా అప్పుడే విజిలు మాస్టారు వచ్చాడు. బళ్లో డ్రిల్లు చెప్పి రిటైరయ్యాడు గానీ మెళ్లో విజిలు మాత్రం రిటైరవలేదు. నడవలేని పిల్లలకి చక్రాల కుర్చీలు కొనడానికి ఆదివారం ఊళ్లో నడక పెట్టారట. పార్కు నుంచి పిల్లల ఆసుపత్రి దాకా, చెరువు చుట్టూ తిరిగి, ఎనిమిది కిలోమీటర్లు. అందరికీ చేతుల్లేని పసుపు చొక్కాలు కుట్టాలి, నూట పది.

"మీరూ నడవాలి టైలరుగారూ."

లోపల్నుంచి భార్య నవ్వు వినిపించింది. "ఆయనా? షాపుకీ ఇంటికీ మధ్య ఒక్కటే గుమ్మం మాస్టారూ. అది దాటడానికే మధ్యలో ఓసారి ఆగుతారు."

టైలరుకి రోషం పొడుచుకొచ్చింది. పడుకున్నచోటే మీసం మెలేశాడు. "అయితే పందెం. ఎనిమిది కిలోమీటర్లూ ఎక్కడా కూర్చోకుండా ఎవరు నడిస్తే వాళ్లదే ఈ కుర్చీ. ఇక జన్మలో దీని మాట ఎత్తకూడదు."

"ఎవరు నడిస్తే వాళ్లదేనా?"

"వాళ్లదే. మాస్టారే సాక్షి."

మాస్టారు అలవాటుకొద్దీ విజిలు ఊదాడు.

ఆ రాత్రి టైలరుకి కళ్లు మూస్తే కిలోమీటర్లే కనిపించాయి. పొద్దున్నే కత్తిరింపు బల్ల మీద సుద్దతో నడక దారి గీసుకున్నాడు. గీత చూస్తూ చూస్తూ ఉంటే ప్రాణం లేచొచ్చింది. దారి సరిగ్గా వాళ్ల పెరటి సందు ముందు నుంచి పోతుంది. చెరువంతా చుట్టి మళ్లీ షాపు ముందుకే వస్తుంది. పొడుగైన ప్యాంటుని మడిచి కుట్టినట్టు మధ్యలో ఐదు కిలోమీటర్లు మడిచేస్తే సరి. పెరటి తలుపులోంచి లోపలికి, షాపు తలుపులోంచి బయటికి. ఈలోగా కుర్చీలో ఓ కునుకు.

"ఆదివారం నువ్వెక్కడుంటావు?" అని భార్యని అడిగాడు, ఏమీ ఎరగనట్టు.

"మా అక్కయ్య వాళ్లింటి వైపు వెళ్తున్నానండీ."

దేవుడు ఉన్నాడనుకున్నాడు టైలరు.

చొక్కాలు కుట్టడం శనివారానికి అయిపోవచ్చింది. నూట తొమ్మిది కుట్టి తన దానికి వచ్చేసరికి గుడ్డ మీటరు తగ్గింది. ముప్పై ఏళ్ల వృత్తిలో గుడ్డ తగ్గడం అదే మొదలు. బయటికి చెప్పుకుంటే పరువేం కాను? కర్టెన్లలో మిగిలిన ఎర్రగుడ్డ తీసి గుట్టుగా తనకో చొక్కా కుట్టుకున్నాడు.

ఆదివారం కావాలనే ఆలస్యంగా వెళ్లాడు. మాస్టారి ఉపన్యాసం అప్పటికే అయిపోయింది. టైలరుని చూడగానే జనం పక్కకి తప్పుకుని ముందుకి దారి ఇచ్చారు. చొక్కాలు కుట్టిన మర్యాద కాబోలు అనుకుని, తల ఊపుకుంటూ ముందుకెళ్లి నిలబడ్డాడు. మాస్టారు అందరికంటే వెనక నిలబడి విజిలు ఊదాడు.

పెరటి సందు రాగానే టైలరు పిల్లిలా పక్కకి జారుకున్నాడు. వెనక్కి చూస్తే అనుమానం వస్తుందని చూడలేదు. లోపలికెళ్లి బూట్లు విప్పి, కుర్చీలో వాలి, కళ్లు మూసుకున్నాడు. హాయి అంటే అదే.

"నాయనా, చెప్పులు ఇక్కడ విప్పాలా?"

కళ్లు తెరిస్తే మందుల షాపు మామ్మ. ఆవిడ వెనక పెరడంతా పసుపు. పెరడు దాటి సందంతా పసుపు. నూట పది మందీ వరస తప్పకుండా ఇంట్లోకి వస్తున్నారు. ఒకాయన కుండలో నీళ్లు ముంచుకుంటున్నాడు. ఇంకొకాయన స్నానాల గది ఎటని అడుగుతున్నాడు. "ఎలాగూ వచ్చాం కదా, పోయిన నెల ఇచ్చిన ప్యాంటు ఇచ్చేస్తారా?" అన్నాడు పోస్టుమాను.

అందరి వెనకా మాస్టారు వచ్చాడు. "ఎందుకు ఆగారు?"

"ఎర్ర చొక్కా ఆగింది మాస్టారూ" అంది మామ్మ.

"అయితే మంచిదే. ఎర్ర చొక్కా ఎటు పోతే అటే అని పొద్దున చెప్పానుగా." మాస్టారు టైలరు చెయ్యి పట్టుకున్నాడు. "దారి చూపడమే కాకుండా మంచినీళ్లు కూడా ఏర్పాటు చేశారా? ఎంత మంచివారండీ."

టైలరు నీళ్లు నమిలాడు. "అదే, నీళ్ల కోసమే" అన్నాడు. బూట్లు తొడుక్కోక తప్పలేదు.

చెరువు దగ్గర బెంచీలు పిలిచాయి. తను కూర్చుంటే నూట పది మందీ కూర్చుంటారు. పిక్కలు పట్టేశాయి. తల ప్రాణం తోకకొచ్చింది. అలాగే నడిచాడు. ఆసుపత్రి మలుపు తిరిగేసరికి మేడ మీద కిటికీల నిండా పిల్లలు. ఒక పాప చక్రాల కుర్చీలోంచి ముందుకి వంగి, "ఎర్ర చొక్కా తాతయ్య వస్తున్నాడు" అని అందరికీ చూపిస్తోంది. టైలరు నడుం నిటారుగా పెట్టి ఆ చివరి వంద గజాలూ నిజంగానే నడిచాడు. చాలా సంతోషమేసింది.

కుంటుకుంటూ ఇంటికొచ్చేసరికి పడక్కుర్చీలో భార్య కాళ్లు చాపుకుని ఉంది. చీర మీద పసుపు చొక్కా.

"మీ అక్కయ్య వాళ్లిల్లు?"

"దారిలోనే ఉందిగా. చెయ్యి ఊపాను."

టైలరు చొక్కా వంక చూశాడు. ఒక మీటరు గుడ్డ. తన కొలతలో తప్పేమీ లేదన్నమాట.

"నేను ఎక్కడా కూర్చోలేదు. మీరు కూర్చుంటే మామ్మగారి వెనక నిలబడి చూశాను. బల్ల మీద సుద్ద గీత తుడవడం మరిచిపోయారు. కాజాలు కుట్టేది ఆ బల్ల పక్కనే కదా నేను. షాపులో మిగిలింది ఎర్రగుడ్డే అని కూడా తెలుసు, అందర్నీ ఎర్ర చొక్కా వెనకాలే నడవమనండని మాస్టారి చెవిన వేశాను."

టైలరు కుక్కిన పేనులా ముక్కాలిపీట మీద కూర్చున్నాడు. వీపు ఆనించబోయి వెనక్కి పడబోయాడు.

"పోన్లెండి. పొద్దున చెరువు దాకా నడిచొచ్చిన రోజు సాయంత్రం మీకో గంట ఇస్తాను" అంది ఆవిడ, కళ్లు మూసుకుని.

మర్నాడు పొద్దున చడీచప్పుడు లేకుండా పెరటి తలుపు తీశాడు. సందులో మామ్మ, ఇంకో పదిమంది పసుపు చొక్కాలు.

"ఎర్ర చొక్కా ఏది నాయనా? అది లేకపోతే దారి ఎలా తెలుస్తుంది మాకు?"

లోపల పడక్కుర్చీ కిర్రుమంది. "ఇస్త్రీ చేసి తలుపు వెనక తగిలించానండీ" అంది భార్య.