నలభై ఎనిమిది కుర్చీల బస్సు

వస్తువులకు ముసలితనం ఏళ్లను బట్టి రాదు, ఫైళ్లను బట్టి వస్తుంది. ఈ సత్యాన్ని ప్రభుత్వం ఎంతో ముందుచూపుతో కనిపెట్టబట్టే, పదిహేనేళ్లు నిండిన స్కూలు బస్సు ముసలిదైపోయి తుక్కు కిందికి వెళ్లింది. నలభయ్యేళ్లు నిండిన అణువిద్యుత్ కేంద్రం మాత్రం అనుభవం గడించి, ఇంకో ఇరవయ్యేళ్లు పనిచేయడానికి లైసెన్సు పొడిగించమని అడిగింది.

ఆ బస్సు నడిపిన డ్రైవరుకు ఎవరి మీదా కోపం లేదు. ఇప్పుడు వ్యాను నడుపుకుంటున్నాడు (ఎనిమిది మంది పడతారు, పిల్లలు కాబట్టి పదకొండు మంది). అతని బెంగల్లా అక్క గురించే. ఆవిడ ఉండేది కేంద్రం ప్రహరీగోడను ఆనుకుని ఉన్న వీధిలో. మోకాళ్లు అరిగిపోయి, గుమ్మం దాటాలన్నా గోడ పట్టుకోవాలి.

"ప్రమాదమని కేంద్రం సైరను మోగితే నేను పరిగెత్తేదేం లేదురా. కాఫీ కలుపుకుని కూర్చుంటా," అని నవ్వుతుంది. ఆ మాట విన్నప్పుడల్లా అతను గుమ్మం నుంచి రోడ్డుకు ఎన్ని అడుగులో మళ్లీ లెక్కపెడతాడు.

పొడిగింపు మీద అభ్యంతరాలుంటే చెప్పుకోవచ్చని నోటీసు అంటించారు. కేంద్రానికి అరకిలోమీటరు లోపల నివసించేవాళ్లే చెప్పుకోవాలి (అంతకంటే దూరంగా ఉన్నవాళ్ల భయాన్ని కుతూహలంగా పరిగణిస్తారు). ఆ లెక్కన మిగిలింది ప్రహరీ వీధి, అందులో నలభై ఎనిమిది మంది. వద్దంటే వద్దని అందరూ ఒక్క గొంతుతో అన్నారు. అక్క తరఫున మాట్లాడడానికి బయల్దేరిన డ్రైవరు మాత్రం పద్ధతి గల మనిషి. ముందు కేంద్రంలో ప్రమాదం జరిగితే ఏం చేయాలో చెప్పే ప్రణాళిక తెప్పించుకుని నూట పన్నెండు పేజీలూ చదివాడు. (దాన్ని పూర్తిగా చదివిన మొదటి మనిషి అతనే. రాసినవాళ్లను కలుపుకున్నా అంతే.) డెబ్బయ్యారో పేజీలో ఇలా ఉంది: "ప్రహరీ వీధివారినందరినీ స్కూలు బస్సులో తరలించవలెను." పక్కనే బస్సు నంబరు. పదిహేనేళ్లు రోజూ తుడిచిన నంబరు, పోల్చుకోడూ?

మునిసిపల్ హాల్లో విచారణకు తరలింపు అధికారి వచ్చాడు. పదకొండేళ్ల సర్వీసులో ఆయన బదిలీల మీద తనను తాను తప్ప ఎవరినీ తరలించలేదు.

"సార్, ఈ బస్సు లేదండీ," అన్నాడు డ్రైవరు.

"లేకపోవడమేంటి? డెబ్బయ్యారో పేజీలో ఉందిగా."

"తుక్కు కింద కోసేశారు సార్. స్టీరింగు నేనే విప్పిచ్చాను."

"కొత్త బస్సు పెట్టొచ్చుగా మరి?" అంది వెనక వరసలోంచి బట్టలు కుట్టే ఆవిడ.

"కొత్త బస్సు పెడితే ప్రణాళిక మారుతుందమ్మా. ప్రణాళిక మారితే లైసెన్సు ఆలస్యం. లైసెన్సు ఆలస్యమైతే ఈలోగా కేంద్రం ఇంకాస్త పాతబడిపోదూ? మీ క్షేమం కోరే చెప్తున్నాను."

ఆ తర్కానికి హాలంతా కాసేపు నోరెళ్లబెట్టింది. ఆయన దాన్ని ఆమోదం కింద రాసుకుని, అనుమానం తీరడానికి ఒకసారి తరలింపు చేసి చూపిస్తానన్నాడు.

గురువారం పొద్దున పదింటికి స్కూలు మైదానంలో నలభై ఎనిమిది ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యలో దారి వదిలి, వరసగా వేశారు. ముందు డ్రైవరుకు ఒక కుర్చీ. చుట్టూ తాడు కట్టి, "బస్సు ఉన్నట్టు భావించవలెను" అని కాగితం అంటించారు.

"తలుపు ఎడమవైపు ఉండాలి సార్," అన్నాడు డ్రైవరు, ఉండబట్టలేక. తలుపు మార్చారు.

అక్కను మంచంతో సహా మోసుకొచ్చి, పట్టుబట్టి అడిగిందని కిటికీ పక్క కూర్చోబెట్టారు.

"గాలి బాగా కొడుతోందిరా తమ్ముడూ, నెమ్మదిగా పోనీ!" అంది. అందరూ పకపకా నవ్వారు. బట్టలు కుట్టే ఆవిడకు రెండో మలుపులో కళ్లు కూడా తిరిగాయి. పదకొండు నిమిషాలకు అధికారి విజిల్ ఊదితే డ్రైవరు బ్రేకు తొక్కాడు, మర్యాద తెలిసిన జనం కాబట్టి అందరూ ముందుకు తూలారు. నలభై కిలోమీటర్ల అవతలి సురక్షిత ప్రాంతానికి చేరినట్టు తలా ఒక సంతకం పెట్టి, బిస్కెట్ పొట్లం పుచ్చుకుని, నడిచి ఇళ్లకు పోయారు.

మర్నాడే డ్రైవరు అభ్యంతరం రాశాడు: బస్సు లేదు, మా అక్క నడవలేదు, లైసెన్సు ఇవ్వకండి. కింద నలభై ఎనిమిది సంతకాలు. మూడు వారాలకు జవాబొచ్చింది. అక్క మంచం పక్కన కూర్చుని పైకి చదివాడు.

"ప్రహరీ వీధి నివాసులందరినీ గత గురువారాలలో ఒకనాడు విజయవంతంగా తరలించడమైనది. వారిని తిరిగి తీసుకువచ్చినట్టు రికార్డులలో లేదు. కావున సదరు వీధిలో ఎవరూ నివసించుట లేదు. ఎవరూ నివసించని చోటి నుండి వచ్చిన అభ్యంతరములను స్వీకరించుటకు వీలులేదు."

"అంటే నేనిక్కడ లేనా?" అంది అక్క.

"లేవక్కా. నలభై కిలోమీటర్ల అవతలున్నావు."

"అక్కడ మోకాళ్లెలా ఉన్నాయటరా?"

ఆవిడ నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. పదిహేనేళ్లలో ఒక్క పిల్లనైనా దారిలో వదిలేసి రాని మనిషి, అక్కను మాత్రం తాను కుర్చీలోంచి కదలకుండానే ఎక్కడో దింపేసి వచ్చినట్టు కుమిలిపోయాడు.

ఆ వారమే కేంద్రం లైసెన్సు ఇరవయ్యేళ్లు పొడిగించారు. చుట్టుపక్కల జనం ఎవరూ లేరు కాబట్టి ప్రాణనష్టానికి ఆస్కారం లేదని ఉత్తర్వులో రాశారు.