దీపం ఇంటికి తెచ్చిన కొమురెల్లి

కొమురెల్లి ఆ ఉదయం వేసుకున్న పథకం చాలా సులువైనది. మొదటి షిఫ్టు ముగించి మూడింటికి పైకి రావాలి, నాలుగింటికి మేనేజరు ముందు కూర్చోవాలి. ల్యాంప్ రూంలో గుమస్తా ఉద్యోగం ఖాళీ ఉంది. ఇరవయ్యేడేళ్లు బొగ్గుబాయి దిగి ఎక్కిన మోకాళ్లు ఇక మావల్ల కాదంటున్నాయి. ఎటొచ్చీ, ఇంగ్లిషులో రిపోర్టు రాయడం రావాలట. కూతురు మమత వారం రోజులుగా ఇంగ్లిషు నేర్పుతూ తోముతోంది.

"బాపూ, లాస్ట్ వేరు, మిస్సింగ్ వేరు."

"రెండూ ఒక్కటేనే బిడ్డా. పోయింది పోయిందే."

"కాదే! మేక తొవ్వ తప్పి, ఏడున్నదో దానికే తెల్వకుంటే లాస్ట్. ఉండాల్సిన కాడ లేకుంటే మిస్సింగ్."

"అయితే మేకనడిగి రాయాల్నా?"

గనిలో ఒక కట్టుబాటుంది. దిగేటప్పుడు తన నంబరు బిళ్ల ల్యాంప్ రూంలో ఇచ్చి దీపం తీసుకోవాలి. పైకొచ్చాక దీపమిచ్చి బిళ్ల తీసుకోవాలి. బిళ్ల కొక్కేనికి వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. కొమురెల్లి ఆ మేకనే తలుచుకుంటూ పైకొచ్చి, దీపంతో సహా బండెక్కి, స్నానానికి ఇంటికి పోయాడు.

మూడున్నరకు ల్యాంప్ రూంలో దీపాలందించే బిక్షం, కొక్కేనికే ఉన్న కొమురెల్లి బిళ్ల చూసి గుండె బాదుకున్నాడు. "కొమురెల్లన్న పైకి రాలే!" ఆ మాట గేటు దగ్గరికి పోయేసరికి గని కప్పు కూలింది, గోదావరిఖని చౌరస్తాకు చేరేసరికి ఇద్దరు పోయారు. రెండో షిఫ్టు ఆగింది. వెతికే బృందం కిందికి దిగింది. మేనేజరు కామేశ్వరరావు ఇంటర్వ్యూ కాగితాలు వదిలేసి గని దగ్గరికి పరుగెత్తాడు.

నాలుగింటికి ఇస్త్రీ చొక్కాతో వచ్చిన కొమురెల్లి, మేనేజరు గది ఖాళీగా ఉండటం చూసి, గని ముందు మూగిన గుంపు దగ్గరికి నడిచాడు.

"ఏందన్నా లొల్లి?"

"కొమురెల్లి పోయిండు," అన్నాడొకడు వెనక్కి తిరక్కుండానే.

"అయ్యో! ఏ కొమురెల్లి?"

బిక్షం తిరిగి చూసి కెవ్వుమన్నాడు. అంతలో, గని నుంచి ఫోనందుకున్న మమత స్కూటీ మీద ఊడిపడింది. చేతిలో దీపం. "మా బాపు కింద లేడు! గిది స్నానాల గదిల దొరికింది!"

కామేశ్వరరావు మండిపడ్డాడు. "షిఫ్టు మొత్తం ఆపేశావు కదయ్యా! ఏం జరిగిందో ఇక్కడే రాసివ్వు. ఇంగ్లిషులో!"

ఉద్యోగం గంగలో కలిసిందనుకుంటూనే కొమురెల్లి రెండు ముక్కలు రాసిచ్చాడు. మేనేజరు పైకి చదివాడు. "ఐ వాజ్ మిస్సింగ్, నాట్ లాస్ట్. ల్యాంప్ నాట్ గివెన్, మై మిస్టేక్."

"నేనేడున్ననో నాకెరుకే సారూ. మీకే తెల్వలే."

కామేశ్వరరావు పగలబడి నవ్వాడు. "ఒక్క దీపం రాకపోతే ఏమవుతుందో ఇక ఈయనకంటే తెలిసినవాడు దొరకడు. గుమస్తా కుర్చీ ఈయనదే!"

రెండో షిఫ్టు మొత్తం ఈలలేసింది. మనిషి బతికున్నాడన్న సంతోషంలో బిక్షం ఆయన్ను భుజాల మీదికెత్తుకుని గేటుదాకా ఊరేగించాడు. మమత దీపం వెలిగించి ముందు నడిచింది.

ఇప్పుడు ఎవరి దీపమైనా అయిదు నిమిషాలు ఆలస్యమైతే, గుమస్తా కొమురెల్లి మొదట వాళ్లింటికి ఫోన్ చేసి స్నానాల గది చూడమంటాడు.